డాలరు వెండి, రూపాయి వెండి: అల్వాల్ డైరీ

జూన్ 22, 2025, ఆదివారం

1921 నాటి అమెరికా వెండి డాలరు ఒకటి చేతికొచ్చింది. న్యూజెర్సీ నుంచి సెలవులకు వచ్చిన మా పెద్దమ్మాయి అక్కడి నాణేల కొట్లో కొని తెచ్చింది. "రూపాయలన్నీ ఉన్నాయి, డాలరు ఒక్కటి లేదుగా నాన్నా" అంది.

అరచేతిలో పెట్టుకోగానే బరువు తెలుస్తుంది. మన పాత వెండి రూపాయికి రెండింతల పైమాటే. ఒక పక్క స్వేచ్ఛాదేవి ముఖం, చుట్టూ పదమూడు నక్షత్రాలు. రెండో పక్క రెక్కలు విప్పిన గద్ద. ఈ బొమ్మ చెక్కినవాడు జార్జ్ మోర్గన్. ఇంగ్లండులో పుట్టి, ఫిలడెల్ఫియా టంకశాలలో చేరాడు. ఆయన పేరు మీదే దీన్ని మోర్గన్ డాలర్ అంటారు. ముఖానికి నమూనాగా కూర్చున్నది ఆనా విల్లెస్ విలియమ్స్ అనే ఫిలడెల్ఫియా అమ్మాయి. తర్వాత ఆమె బడిపంతులమ్మ అయింది.

1878లో మొదలుపెట్టి 1904లో వీటి ముద్రణ ఆపేశారు. మళ్లీ 1921లో ఒక్క ఏడాది కొట్టారు. పదిహేడేళ్లు మూలపడ్డ డాలరు మళ్లీ అచ్చుకు ఎందుకెక్కిందో వెతుక్కుంటూ వెళితే దారి తిన్నగా మన దేశానికే వస్తుంది. అది తీరిగ్గా రాయాలి.

జూన్ 24, మంగళవారం

ఈ రోజు తూకం. మోర్గన్ డాలరు టంకశాల నుంచి బయటపడినప్పుడు 26.73 గ్రాములు, అడ్డం 38.1 మిల్లీమీటర్లు. నూటికి తొంభై పాళ్లు వెండి, పది పాళ్లు రాగి. అంటే అసలు వెండి 24 గ్రాముల పైచిలుకు. నా చిన్న కాటా 26.58 చూపించింది. చేతులు మారిన నాణేనికి ఆ మాత్రం అరుగుదల సహజం. ఒకటిన్నర గ్రాము తేడా వచ్చి ఉంటే అనుమానించాల్సిందే.

తర్వాత నీళ్ల పరీక్ష. గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి, అంకె సున్నాకు తెచ్చాను. నాణేనికి సన్నటి దారం కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్లలో వేలాడదీశాను. కాటా 2.58 దగ్గర నిలిచింది. 26.58ని 2.58తో భాగిస్తే 10.3. తొంభై పాళ్ల వెండికి ఉండాల్సిన సాంద్రత అదే. ఇత్తడికి తొమ్మిది దాటదు, ఇనుముకు ఎనిమిది లోపే.

గీటురాయి మీద గీయక్కర్లేదు, గచ్చు మీద మోగించక్కర్లేదు. ఆ రెండూ నాణెం ఒంటి మీద మచ్చ మిగిలిస్తాయి. కాటా, గ్లాసెడు నీళ్లు, దారం ప్రతి ఇంట్లోనూ ఉండేవే.

జూన్ 28, శనివారం

రాత్రంతా వాన. పొద్దున్నే కరెంటు లేదు. కిటికీ దగ్గర కూర్చుని, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో టంకశాల గుర్తు వెతికాను. మోర్గన్ డాలరు వెనుక ఆకుల దండకు కట్టిన ముడి కింద, డాలర్ అన్న మాటకు పైన ఉంటుంది. ఫిలడెల్ఫియాలో కొడితే గుర్తే ఉండదు. న్యూ ఆర్లీన్స్‌కు ఓ, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎస్, నెవడాలోని కార్సన్ సిటీకి రెండు సీలు, డెన్వర్‌కు డి. నా నాణెం మీద చీమ తలకాయంత ఎస్ కనిపించింది.

మన ఐదో జార్జి రాజు రూపాయికీ ఇదే పద్ధతి. తిప్పి చూస్తే కింద తామర పువ్వు ఉంటుంది. దాని కింద ఉబ్బెత్తు చుక్క ఉంటే బొంబాయి టంకశాల, లేకపోతే కలకత్తా. ఏళ్ల తరబడి చూస్తున్న రూపాయి మీద ఆ చుక్క ఉందో లేదో మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు? ఒక్కసారి తెలిశాక మాత్రం ఏ రూపాయి చేతికొచ్చినా చూపు ముందు అక్కడికే పోతుంది.

జులై 2, బుధవారం

ఇక 1918 సంగతి.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు సరుకులూ సైన్యమూ ఇండియా నుంచి విపరీతంగా వెళ్లాయి. ఇక్కడ చెల్లింపులు రూపాయల్లో జరగాలి, రూపాయి అంటే వెండి. వెండి ధర పెరిగేకొద్దీ జనం నాణేలను దాచుకున్నారు. 1917 చివర్లో ప్రభుత్వం రూపాయి నోటు అచ్చేసింది. జనం ఆ కాగితాన్ని నమ్మలేదు. కరెన్సీ ఆఫీసుల ముందు వరసకట్టి, నోటిచ్చి వెండి ఇమ్మన్నారు. ఖజానాలో వెండి అడుగంటింది. నోటుకు రూపాయి ఇవ్వలేమని ప్రకటించాల్సి వస్తే యుద్ధం నడుమ ప్రభుత్వం పరువు మొత్తం పోయేది.

ఆ సమయంలో బ్రిటన్ అమెరికాను అడిగింది. అక్కడి ఖజానాలో కోట్లకొద్దీ వెండి డాలర్లు సంచుల్లో ఊరికే పడి ఉన్నాయి. 1918 ఏప్రిల్ 23న నెవడా సెనేటర్ కీ పిట్‌మన్ పేరు మీద చట్టం వచ్చింది. 35 కోట్ల డాలర్ల వరకూ కరిగించడానికి అది అనుమతించింది. చివరికి కరిగించినవి 27 కోట్ల పైన. అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండి ఔన్సు ఒక డాలరు చొప్పున బ్రిటన్‌కు, మన దేశం కోసం అమ్మేశారు. దిమ్మెలుగా ఓడలెక్కి, మన టంకశాలల్లో రూపాయలుగా మారింది.

అమ్మిన వెండికి సరిపడా మళ్లీ అమెరికా గనుల నుంచే ఔన్సు డాలరుకు కొనాలని కూడా ఆ చట్టంలో రాసుకున్నారు. వెండి గనుల రాష్ట్రం మనిషి కదా పిట్‌మన్. అలా కొన్న వెండితోనే 1921లో మోర్గన్ డాలర్లు మళ్లీ కొట్టారు. ఆ ఏడాదే చివర్లో శాంతి డాలర్ అనే కొత్త నాణెమూ మొదలైంది. నా బల్ల మీద ఉన్న డాలరు పుట్టుకకు కారణం మన ముత్తాతలు నోటు వద్దని వెండి అడగడమే.

జులై 4, శుక్రవారం

చిన్న లెక్క. డాలరులో అసలు వెండి 24.06 గ్రాములు. బ్రిటిష్ రూపాయి తూకం తులం, అంటే 11.66 గ్రాములు, అందులో అసలు వెండి 10.69. ఒక డాలరు కరిగిస్తే రెండు రూపాయల నాలుగణాలు. పైసా అటూ ఇటూ లేదు.

26 కోట్ల డాలర్లకు సుమారు 58 కోట్ల రూపాయలు వస్తాయి.

ఇప్పుడు నా దగ్గరున్న 1918, 1919 రూపాయలను చూసే చూపు మారిపోయింది. వీటిలో ఏది కార్సన్ సిటీలో పుట్టిన డాలరో, ఏది న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిందో చెప్పే సాధనం లేదు. కానీ ఆ వెండి వీటిలో కలిసి ఉండే అవకాశం చాలా ఎక్కువ.

జులై 9, బుధవారం

సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌కు వెళ్లాను. అల్వాల్ నుంచి రాజీవ్ రహదారి మీద బస్సులో గంట పట్టింది. వెండి కిలో లక్ష దాటిన దగ్గర్నుంచి కొట్ల ముందు పాత సామాను పట్టుకుని నిలబడేవాళ్లు ఎక్కువయ్యారు. పట్టీలు, కడియాలు, కుంకుమ భరిణెలు, చెంబులు, మధ్యలో నాణేలు.

మచ్చబొల్లారం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కొంగుముడి విప్పి రూపాయలు బల్ల మీద పోసింది. "గివి మా అత్త దాశిపెట్టిన పైసలు సేటూ. ఎన్నొస్తయో సూడు." సేటు వాటిని పట్టీలతో పాటే తక్కెట్లో వేయబోయాడు. "ఒక్క నిమిషం సేట్, నన్ను చూడనీ" అన్నాను. తెలిసినవాడే, కాదనలేదు.

జార్జి రాజువి నాలుగు. మిగతావి నిజాంల చార్మినార్ బొమ్మ రూపాయలు. వాటిలో ఒకటి ఎత్తి చూపించాను. "అవ్వా, ఈ దర్వాజలో అక్షరం సూడు. మీమ్ ఉంటే మహబూబ్ అలీ పాషాది, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఇది మీమ్. మీ అత్త కన్నా ముందటిది."

ఆమె నాణేన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "గిన్నేండ్లు పెట్టెల వెట్టుకున్న, ఎవ్వల్ జెప్పలే బిడ్డా" అంది. ఆ ఒక్కటీ కొంగున కట్టుకుని మిగతావి అమ్మేసింది. మందులకు డబ్బు కావాలి. అమ్మొద్దని ఎవరూ చెప్పలేని అవసరం అది. చూడకుండా అమ్మలేదు, నాకంతే చాలు.

జులై 13, ఆదివారం

లష్కర్ బోనాలు. ఉజ్జయిని మహంకాళి గుడి చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. తండా నుంచి వచ్చిన ఒక పెద్ద వయసు లంబాడీ ఆమె మెడలో రూపాయల దండ చూశాను. ప్రతి రూపాయికీ పైన కొక్కెం అతికించి ఉంది.

నాణేలు సేకరించేవాళ్లు కొక్కెం అతికిన దాన్ని, చిల్లు పడ్డదాన్ని దెబ్బతిన్న నాణెం అంటారు. ధర కట్టేటప్పుడు వెండి వరకే లెక్క. బజారు లెక్కగా అది సరైనదే. కానీ రాజుల ముఖాలు అరిగిపోయేదాకా మూడు తరాల మెడల్లో తిరిగిన ఆ దండ విప్పి నాణేలు విడదీయమనే సలహా నేను ఎవరికీ ఇవ్వను. ఆ దండలోనే వాటికి పూర్తి విలువ.

జులై 17, గురువారం

జుమేరాత్ బజార్, గురువారపు పాత సామాను సంత. నేల మీద పరిచిన గోనె సంచి మీద ఇత్తడి తాళాలు, పాత కెమెరాలు, వాటి పక్కన 'అమెరికా వెండి డాలర్లు'. తేదీ 1873, ట్రేడ్ డాలర్. అసలైనవి చైనా వ్యాపారం కోసం అమెరికా ప్రత్యేకంగా కొట్టినవి, తూకం 27.22 గ్రాములు. చైనా వర్తకులు పరీక్షించి తమ ముద్రలు గుద్దేవారు. ఆ ముద్రలున్న అసలు నాణేలకూ గిరాకీ ఉంది.

జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి దగ్గర పెట్టగానే నాణెం ఎగిరి అతుక్కుంది. వెండికి అయస్కాంతం పట్టదు, రాగికీ పట్టదు. పక్కదాని అంచు చూశాను. రెండు రేకులు కలిపిన గీత చుట్టూ కనిపించింది. అచ్చుపోసిన మరోదాని అక్షరాలు మైనం మీద గీసినట్టు మొద్దుగా ఉన్నాయి. ముద్రకొట్టిన నాణెం అక్షరానికి నిటారైన అంచు ఉంటుంది.

అమ్మే కుర్రాడికి అదేమిటో తెలియదు. వేరే ఎవరో ఇచ్చారు, అమ్ముతున్నాడు. అయస్కాంతం అతని చేతికిచ్చి ఎలా చూడాలో చెప్పాను. అయస్కాంతానికి అతకనంత మాత్రాన నిజమైన వెండి అయిపోదని కూడా చెప్పాను. ఇత్తడికీ సీసానికీ అది అతకదు. అందుకే కాటా, నీళ్ల గ్లాసు తప్పవు.

జులై 20, ఆదివారం

ఎదురింటి మాస్టారికి ఫోను. పాత ఐదు రూపాయల బిళ్లకు లక్షలిస్తామని, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని. రిజర్వ్ బ్యాంకు పేరు కూడా వాడారట. రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే స్పష్టంగా చెప్పింది: పాత నోట్లు, నాణేల కొనుగోలు అమ్మకాలతో తమకు సంబంధం లేదు, ఎలాంటి రుసుమూ కమీషనూ అడగం.

దీనికి అన్న లాంటిది రైస్ పుల్లింగ్. ఈస్టిండియా కంపెనీ పేరుతో రామపట్టాభిషేకం బొమ్మ ఉన్న రాగి బిళ్ల, దాని మీద 1616 అనో 1818 అనో తేదీ. బియ్యపు గింజల్ని లాగుతుందని, కోట్లు పలుకుతుందని నమ్మించి తెలుగు జిల్లాల్లో ఎన్ని కుటుంబాలను ముంచారో. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ కొట్టలేదు. అవి గుళ్ల దగ్గర అమ్మిన బిళ్లల నమూనాలు. ఏ లోహమూ బియ్యాన్ని లాగదు.

నాణెం అమ్మడానికి ముందు డబ్బు కట్టమన్నవాడు మోసగాడు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే చాలు.

జులై 26, శనివారం

మా అల్వాల్ పరిసరాల్లో ఒకప్పుడు రెండు రూపాయలు చలామణిలో ఉండేవి. కంటోన్మెంట్‌లో, బొల్లారం దండులో బ్రిటిష్ వాళ్ల కల్దార్. నిజాం ఇలాకాలో హాలీ సిక్కా. తిరుమలగిరి దండులో పనిచేసి జీతం కల్దార్‌లో తెచ్చుకున్న మనిషి పక్క ఊళ్లో శిస్తు హాలీలో కట్టాలి. నూరు కల్దార్ రూపాయలకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. అంటే ఆరుకు ఏడు.

ఈ అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో తూచి చూద్దామనిపించింది. హాలీ రూపాయి తూకం 11.18 గ్రాములు, నూటికి 81.8 పాళ్లు వెండి. అసలు వెండి 9.14 గ్రాములు. కల్దార్‌లో 10.69. భాగిస్తే 1.17. ఏడును ఆరుతో భాగించినా 1.17. మారకం రేటు మొత్తం ఆ రెండు బిళ్లల కడుపులోనే ఉంది.

1918లో వెండి కరువు నిజాం ప్రభుత్వాన్నీ వదల్లేదు. ఆ ఏడాదే హైదరాబాద్ కరెన్సీ చట్టం చేసి సొంత నోట్లు తెచ్చారు, ముందు పది రూపాయలవి, వందవి. ఒకే కరువుకు వాషింగ్టన్‌లో ఒక చట్టం, హైదరాబాద్‌లో ఒక చట్టం. హాలీ సిక్కా 1959 వరకూ మనవాళ్ల చేతుల్లో తిరిగింది.

ఆగస్టు 3, ఆదివారం

నాణెం దశను కొలిచే పద్ధతి అమెరికాలో బాగా స్థిరపడింది. 1 నుంచి 70 వరకూ అంకెలు. విలియమ్ షెల్డన్ 1940ల చివర్లో పెద్ద రాగి సెంట్ల కోసం తయారుచేసిన కొలత అది. 60, ఆపైన అంటే చలామణిలోకి పోనిది. 1980ల నడుమ నుంచి కంపెనీలు పరీక్షించి, అంకె వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇస్తున్నాయి.

మోర్గన్ డాలరుకు ముందు అరిగేవి రెండు చోట్లు: చెవి పైన జుట్టు, గద్ద రొమ్ము మీది ఈకలు. నా దాని మీద జుట్టు పాయలు చెవి పైన కలిసిపోయాయి, రొమ్ము ఈకలు సగం నునుపు. 45 దగ్గర ఉంటుంది. 1921లో మూడు టంకశాలలు కలిపి 8 కోట్ల 60 లక్షలకు పైగా కొట్టాయి. కాబట్టి వెండి ధర, దాని మీద కొంచెం. అంతకన్నా ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. గ్రాము వెండి వంద రూపాయలనుకుంటే ఇందులోది 2,406 రూపాయలు. వెండి ధర మారినప్పుడల్లా ఈ లెక్క వేసుకోవడమే.

అదే బొమ్మ, అదే తూకం, తేదీ 1893, గుర్తు ఎస్ అయితే వేల డాలర్లు. అవి కొట్టినవి లక్షే. అందుకే దొంగలు మామూలు నాణెం మీద ఎస్ అతికిస్తారు. అరుదైన తేదీ చౌకగా దొరికిందంటే భూతద్దం రెండుసార్లు తీయాలి.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. కలశం ముందు పెట్టడానికి రూపాయలు ఇమ్మని మా ఆవిడ అడిగింది. ఇచ్చాను, కడగొద్దని మాత్రం చెప్పాను. "అమ్మవారి ముందు నల్లటివి పెడతామా?" అంది. మంచి ప్రశ్నే.

చింతపండు, విభూది, టూత్‌పేస్టు, ఏది పెట్టి తోమినా వెండి పైపొర పోతుంది. పోయింది తిరిగి రాదు. అద్దం కింద చూస్తే సన్నటి గీతలు ఒకే దిక్కున సాగి ఉంటాయి, కొనేవాడు వాటిని చూసి సగం ధర తగ్గిస్తాడు. వందేళ్ల గాలి తగిలి ఏర్పడిన నలుపు కింది లోహానికి రక్షణ కూడా. కుందులు, చెంబులు తోముకోవచ్చు, అవి వాడే వస్తువులు. నాణేల మీద మట్టి ఉంటే మామూలు నీళ్లలో నానబెట్టి, మెత్తటి గుడ్డ మీద రుద్దకుండా ఆరబెట్టాలి.

ఇద్దరం ఒప్పందానికొచ్చాం. పూజ కోసం ఈ మధ్య కొన్న లక్ష్మీదేవి బిళ్లలు తోమింది. రూపాయలు నల్లగానే కూర్చున్నాయి. పసుపు కుంకుమలు పళ్లెంలో పడ్డాయి, నాణేల మీద పడలేదు.

ఆగస్టు 15, శుక్రవారం

1918 తర్వాత రెండోసారి వెండి కరువుకు కూడా అమెరికా వెండే వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గింది. అదీ చాలక 1944లో అమెరికా నుంచి లెండ్ లీజ్ అనే యుద్ధసాయం పథకం కింద సుమారు 22.6 కోట్ల ఔన్సుల వెండి అప్పుగా తెచ్చారు. మళ్లీ వెండిగానే తీర్చాలన్నది షరతు.

1947లో రూపాయి నికెల్ అయిపోయింది. స్వతంత్ర భారతం ఆ అప్పులో తన వాటాను 1957లో తీర్చింది. పాత వెండి రూపాయలు వెనక్కి తీసుకుని, కరిగించి, శుద్ధి చేసి పంపింది. బ్రిటిష్ వాళ్ల యుద్ధానికి తెచ్చిన అప్పు మన ప్రజల జేబుల్లోని రూపాయలతో తీరింది. జెండా పండుగ నాడు ఇది తలుచుకోవాల్సిన విషయం.

ఆగస్టు 23, శనివారం

1918లో ఏ తేదీ డాలర్లు ఎన్ని కరిగించారో అమెరికావాళ్లు రాసి పెట్టలేదు. దాంతో ఒక విచిత్రం జరిగింది. ఎన్ని కొట్టారన్న లెక్కకూ ఎన్ని మిగిలాయన్న లెక్కకూ పొంతన లేకుండా పోయింది. లక్షల్లో కొట్టిన కొన్ని తేదీలు కనబడవు.

1903లో న్యూ ఆర్లీన్స్‌లో కొట్టిన డాలరు అలాంటిదే అనుకున్నారు. మొత్తం కరిగిపోయిందని నమ్మి, వాడనిదానికి వెయ్యి డాలర్ల పైన ధర కట్టారు. 1962 చివర్లో ఖజానా గదిలోంచి సీలు తీయని సంచులు బయటికొచ్చాయి. సంచికి వెయ్యి చొప్పున మెరిసిపోతూ అవే. ధర కుప్పకూలింది.

నాణేల మీద డబ్బు పెట్టాలనుకునే కుర్రవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ కథే. అరుదు అన్న మాట ఈ రోజుకు తెలిసినంతవరకే.

సెప్టెంబర్ 10, బుధవారం

మనవడు వీడియో కాల్‌లో అడిగాడు: "తాతయ్యా, అమ్మ మీకు డాలర్ ఇచ్చింది కదా, నాకు 1918 రూపీ పంపిస్తారా?"

పంపకూడదు నాన్నా అని చెప్పాను. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం మన దేశంలో నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించడం నేరం, ఒక్క రూపాయి బిళ్ల అయినా సరే. అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసులో ముద్దుగా ఒక విక్టోరియా రూపాయి పెట్టే తల్లిదండ్రులు మా కాలనీలోనే ఉన్నారు. వాళ్లకూ చెప్పాలి.

"మరి నేనెప్పుడు చూస్తాను?" అన్నాడు. వచ్చినప్పుడు సైఫాబాద్ తీసుకెళ్తానన్నాను. 1903 నుంచి చార్మినార్ రూపాయలు కొట్టిన టంకశాల అది. నాణేల పని 1997లో చర్లపల్లికి మారింది. 2022లో ఆ పాత చోట మ్యూజియం తెరిచారు.

సెప్టెంబర్ 27, శనివారం

పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం. శాతవాహనుల సీసపు నాణేల నుంచి అసఫ్‌జాహీల దాకా ఒకే కప్పు కింద. పరదేశపు వెండి మనకు కొత్త కాదు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేల రాశి బయటపడింది. అప్పుడు మన మిరియాలకూ బట్టకూ రోమ్ వెండి ఇచ్చింది.

న్యూరోసర్జన్ డాక్టర్ దేమె రాజారెడ్డి గారు వృత్తి చేసుకుంటూనే మన ప్రాంతపు నాణేల మీద పుస్తకాలు రాశారు. నాణేల చదువులో డిగ్రీలు కాదు, ఓపిక కావాలి ఈ పనికి అనుకుంటాను ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా. దొరికిన చోటు, లోతు, పక్కన ఏముందో రాసుకుంటేనే నాణెం నోరు విప్పుతుంది.

ఇంటికొచ్చి పాత ప్లాస్టిక్ కవర్లన్నీ తీసేశాను. మెత్తటి పీవీసీ కవరు కొన్నేళ్లకు ఆకుపచ్చ జిగురు వదులుతుంది, అది వెండిని తింటుంది. ఒక్కోదానికి ఒక్కో కాగితపు పొట్లం, డబ్బాలో తేమ పీల్చే సిలికా సంచి. ఈ ఏడు వానలకు అదే మందు.

అక్టోబర్ 18, శనివారం

ధన్‌తేరస్. వెండి కిలో లక్షన్నర దాటిపోయింది. పాట్ మార్కెట్‌లో కొనేవాళ్లు ఎంతమందో, పాతది కరిగించుకునేవాళ్లు అంతమంది. ధర ఇంకా పెరిగితే ఇంకా కరుగుతాయి. 1918లో ఖజానాలు ఖాళీ అయినట్టే ఇప్పుడు మన అమ్మమ్మల పెట్టెలు ఖాళీ అవుతున్నాయి.

అవసరానికి అమ్ముకోవడం తప్పు కాదు. మన ఇళ్లలో దొరికే రూపాయల్లో ఎక్కువ భాగం వెండి ధరకు మించి పలకవని కూడా నిజాయితీగా చెబుతున్నాను. అయినా అమ్మే ముందు ఒక్క పూట ఆగండి. తేదీ చూడండి. తామర కింద చుక్క, చార్మినార్ దర్వాజలో అక్షరం, డాలరు అయితే దండ ముడి కింద గుర్తు చూడండి. తూచండి. తోమకండి. అరుదైనదనిపిస్తే కరిగించే కొట్టుకు వెళ్లకముందు నాణేలు తెలిసిన ఇద్దరికి విడివిడిగా చూపించండి. ముందుగా డబ్బు అడిగినవాడి గుమ్మం ఎక్కకండి.

అన్నీ అమ్మినా, ఇంటికి ఒక్క నాణెం ఉంచండి. దాని పొట్లంలో చిన్న చీటీ పెట్టండి: ఎవరిది, ఏ ఊరు, ఎలా వచ్చింది. అమెరికా తన కోట్ల డాలర్లు కరిగించినప్పుడు ఆ చీటీ రాయలేదు, ఏం పోయిందో ఇవాళ్టికీ చెప్పలేకపోతోంది. మన ఇంటి లెక్క మనం రాసిపెట్టుకుందాం.